నాలుగు దారుల దగ్గర మొహమాటం

పోయిన గురువారం మధ్యాహ్నం వాట్సాప్‌లో కబురు వచ్చింది, మాకు కారు నేర్పిన ఆయన పోయారని. ఇక్కడ టెక్సాస్‌లో ఇర్వింగ్, కాపెల్ ఊళ్ళ చుట్టుపక్కల ఆయన దగ్గర డ్రైవింగ్ నేర్చుకున్న ఆడవాళ్ళం పెట్టుకున్న గ్రూప్ అది. మామూలుగా అందులో ఎవరింట్లో కరివేపాకు మొక్క ఉంది, ఏ డెంటిస్ట్ నొప్పి తెలియకుండా పన్ను పీకుతాడు అనే చర్చలే నడుస్తాయి. ఆ రోజు పది నిమిషాల్లో స్క్రీన్ అంతా జోడించిన చేతులతో నిండిపోయింది. ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టేసి మా అమ్మాయి గది తలుపు కొట్టాను.

దానికిప్పుడు పద్నాలుగేళ్ళు. దాని దగ్గర "కాలం చేశారు", "దేవుడి దగ్గరికి వెళ్ళారు" లాంటివి పనిచేయవు. ఏ దేవుడు, ఎప్పుడు తిరిగొస్తారు అని అడుగుతుంది. అందుకని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నిన్న చనిపోయారు, గుండె ఆగిపోయింది, ఇక మనకు కనిపించరు అని. అది గోడవైపు చూస్తూ, "ఆయన కార్‌లో రెండో బ్రేక్ ఉంది కదా. అది ఇప్పుడు ఎవరు నొక్కుతారు?" అంది.

ఇదే ప్రశ్న ఎనిమిదేళ్ళ కిందట అడిగి ఉంటే, పెద్దాయన పోయారంటే బ్రేకు గురించా నీ బెంగ అని నాలుగు దులిపేదాన్ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, దాచుకోను. ఇప్పుడు దులపలేదు. మా అమ్మాయి ఏడుపు అలాగే ఉంటుందని నాకు తెలుసు. ఆ సంగతి తెలిసేలా చేసింది కూడా ఆయనే.

ఆయన పేరు రాయను. మా ఇంట్లో ఆయనకు పేరు లేదు. మొదటిరోజు ఆయన మా గుమ్మంలోకి రాగానే మా అమ్మాయితో తాతగారికి నమస్తే చెప్పమన్నాను. "నాకు తాతలు ఇద్దరు. ఇద్దరూ ఇండియాలో ఉన్నారు. ఈయన కాదు" అంది. పోనీ అంకుల్ అనమన్నాను. అంకుల్ అంటే అమ్మ బ్రదర్ గానీ నాన్న బ్రదర్ గానీ అని స్కూల్లో చెప్పారట, ఈయన ఆ లిస్టులోనూ లేరట. నేను సిగ్గుతో చచ్చిపోతుంటే ఆయన మాత్రం తల ఊపి, "బరాబర్ చెప్పింది. నేను మీ అమ్మకు డ్రైవింగ్ నేర్పెటోన్ని, గంతే" అన్నారు. అప్పటి నుంచీ ఆయన మా ఇంట్లో "డ్రైవింగ్ నేర్పే ఆయన". మావారు కూడా అలాగే అనేవారు. ఆయన ఫోన్ చేస్తే మా అమ్మాయి స్క్రీన్ మీద ఆ మూడు మాటలూ పైకి చదివి మరీ నాకు అందించేది.

సూర్యాపేట పక్క మనిషి. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపి రిటైరయ్యి, కాపెల్‌లో ఉన్న కూతురి దగ్గరికి భార్యతో సహా వచ్చారు. రెండు నెలలు సోఫాలో కూర్చుని, మూడో నెల భరించలేక ఒక చిన్న డ్రైవింగ్ స్కూల్లో చేరిపోయారు. అరవై దాటాయి. మీసానికి మాత్రం ముప్ఫై దాటనిచ్చేవారు కాదు, వారం వారం రంగు వేసేవారు. జేబులో రెండు పెన్నులు, ఒక దువ్వెన. కారెక్కే ముందు చుట్టూ ఒకసారి తిరిగి నాలుగు టైర్లనూ బూటుతో తన్ని చూసేవారు. ఈ దేశంలో అలా టైర్లు తన్నే మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. హైవే మీద పెద్ద ట్రక్కు పక్కనుంచి పోతే చేయెత్తి పలకరించేవారు. అందులో ఉన్నది టోపీ పెట్టుకున్న ఆరడుగుల టెక్సాస్ తెల్లవాడైనా సరే, "మనోడే" అనేవారు. వాళ్ళూ తిరిగి చెయ్యి ఊపేవారు, అదేం చిత్రమో.

ఆయన పాఠం చెప్పే పద్ధతి ఇంకా చిత్రం. స్టీరింగ్ ముందు కూర్చున్న మనిషి నోరు మూసుకోకూడదు. కనపడేదీ, చేసేదీ, చేయబోయేదీ అన్నీ పైకి చెబుతూ ఉండాలి. "కండ్లకు కనవడ్డది నోటికి రావాలె, నోటికొచ్చినంక కాలికి వోవాలె" అనేవారు. ముందు ఎర్ర కారు ఉంది, బ్రేక్ వేస్తున్నాను. ఎడమపక్క సైకిల్ వస్తోంది, ఆగుతున్నాను. ఇదీ వరస. నెల తిరిగేసరికి ఆయన శిష్యురాళ్ళందరికీ ఈ జబ్బు అంటుకునేది. మా ఎదురింటావిడ వంటింట్లో ఒక్కతే నిలబడి, స్టవ్ వెలిగిస్తున్నాను, ఆవాలు వేస్తున్నాను, చిటపటలాడుతున్నాయి, వెనక్కి జరుగుతున్నాను అనుకుంటూ తాలింపు పెడుతోందని వాళ్ళాయన మావారి దగ్గర వాపోయాడు.

అసలు నేను ఆయన చేతిలో ఎందుకు పడ్డానో చెప్పాలి. మా అమ్మాయికి నాలుగేళ్ళప్పుడు డాక్టర్ ఆటిజం స్పెక్ట్రమ్ అన్నారు. మావాళ్ళు ఫోన్లో దిష్టి అన్నారు. ఇక్కడి స్నేహితురాళ్ళు ఏం పర్లేదు, పెద్దయితే అదే పోతుంది అన్నారు. నేను పుస్తకాలు చదివి, కాగితాలు ప్రింట్ తీసి ఫ్రిజ్ నిండా అంటించుకున్నాను. ఏడేళ్ళొచ్చాయి, రెండో తరగతి అంతా అది క్లాసులో టేబుల్ కిందే గడిపింది. వేసవి సెలవులు మొదలయ్యేటప్పుడు స్కూల్ వాళ్ళు పిలిచి, హైవే అవతలి స్కూల్లో ఎనిమిది మంది పిల్లల చిన్న క్లాస్ ఉంది, ఆగస్టులో ఒక సీటు ఖాళీ అవుతోంది అన్నారు. నాకు ఏనుగెక్కినంత సంబరమైంది. తీరా చూస్తే అక్కడికి మా పిల్ల వెళ్ళేదెలా? పసుపు స్కూల్ బస్సు మోతకి అది ఇదివరకు మూడోరోజే చెవులు మూసుకుని రోడ్డు మీద పడుకుంది. మావారికి పొద్దున ఎనిమిదింటికి మీటింగ్. అప్పటికే ఆయన మేనేజర్ ముఖం చిట్లిస్తున్నాడు, మా వీసా ఆ ఉద్యోగం మీదే నిలబడి ఉంది. ఇక మిగిలింది నేను. విజయవాడలో స్కూటీ కూడా నడపని నేను. స్కూల్ తెరిచేలోపు నాకు లైసెన్స్ వస్తే దానికి ఆ సీటు. రాకపోతే మళ్ళీ అదే పెద్ద క్లాసు, అదే టేబుల్ కింద ఇంకో ఏడాది.

పిల్లను చూసుకునేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి పాఠాలకు అదీ వెనక సీట్లో హాజరు.

మొదటి పాఠం మా అపార్ట్‌మెంట్ గేట్ దాటీ దాటకముందే ఆగిపోయింది. మేము ఎప్పుడూ ఎడమకు తిరుగుతాం, అటే ఇండియన్ స్టోరూ అదీ. ఆయన కుడికి తిప్పమన్నారు. తిప్పాను. వెనకనుంచి ఒక కేక లేచింది. ఆ కేక వినని వాళ్ళకు చెప్పినా అర్థం కాదు. నాకు తలప్రాణం తోకకొచ్చింది. స్టీరింగ్ వదిలేసి వెనక్కి తిరిగి, "నోరు ముయ్యి" అని నేనూ అరిచాను. కారు ఎవరిదో గడ్డిలోకి పోతుంటే ఆయన తన వైపున్న రెండో బ్రేకు నొక్కేశారు.

ఇక ఈ ఉద్యోగం మాకొద్దమ్మా అని దిగిపోతారనుకున్నాను. ఆయన దువ్వెన తీసి మీసం దువ్వుకుని, నన్ను అడిగారు.

"సిగ్నల్ ఎయ్యకుంట బండి తిప్పితే ఎన్కొచ్చెటోడు ఏం జేస్తడు బిడ్డా?"

హారన్ కొడతాడన్నాను.

"మరి గా పిల్ల కొట్టింది గదే గద. హారన్ కొట్టినోన్ని తిడ్తవా, సిగ్నల్ ఎయ్యనందుకు నిన్ను నువ్వు తిట్టుకుంటవా?"

తర్వాత వెనక్కి తిరక్కుండానే, అద్దంలో కూడా చూడకుండా, మామూలు గొంతుతో మా అమ్మాయికి చెప్పారు. ఇప్పుడు కుడికి పోతాం, తర్వాత రెండుసార్లు ఎడమ, తర్వాత గ్యాస్ స్టేషన్ కనపడుతుంది, అక్కడ ఆగం, తర్వాత ఇల్లు. కేక సగంలో ఆగింది. కాసేపటికి వెనకనుంచి గొణుగుడు వినిపించింది. కుడి, ఎడమ, ఎడమ, గ్యాస్ స్టేషన్, నో స్టాప్, ఇల్లు. ఇల్లు చేరేదాకా అది జపంలా నడిచింది, కేక మాత్రం మళ్ళీ రాలేదు.

ఫ్రిజ్ మీద నేను అంటించిన కాగితాల్లో ఈ ముక్క లేదని కాదు. ఉంది. పిల్లకు జరగబోయేది ముందుగా చెప్పండి అని పెద్దక్షరాలతో ఉంది. నేను దాన్ని పాలు తీసుకునేటప్పుడల్లా చదివాను, ఒక్కసారీ చేయలేదు. టీవీ చటుక్కున ఆపేసి పద పద అని చెయ్యి పట్టుకుని లాగడమే నాకు తెలుసు. అది అరిస్తే మొండితనం అనుకున్నాను. ఆ రాత్రి నా మీద నాకు అసహ్యం వేసింది. మర్నాటి నుంచి కారులో చెప్పినట్టే ఇంట్లోనూ చెప్పడం మొదలుపెట్టాను. ఈ బొమ్మ అయిపోగానే టీవీ ఆపుతాను, తర్వాత స్నానం, నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి, తల రుద్దను. అద్భుతాలేమీ జరగలేదు. రోజుకు పది హారన్లు మోగేచోట నాలుగు మోగడం మొదలైంది. ఆ నాలుగూ నేను సిగ్నల్ మర్చిపోయినప్పుడే అని ఒప్పుకోవడానికి ఇంకో నెల పట్టింది.

కారులో ఆయన దానికి స్పీడు చూసే డ్యూటీ ఇచ్చారు. అది నా ప్రాణానికొచ్చింది. ముప్ఫై స్పీడు రోడ్డులో ముప్ఫై ఒకటి అయితే చాలు, "అమ్మా, థర్టీ వన్" అని వెనకనుంచి పోలీసు కేక. ఒక్కటే కదే అంటే, వన్ ఈజ్ మోర్ దాన్ జీరో అనేది. ఆయన నా పక్క ఎప్పుడూ మాట్లాడలేదు. ఆఫీసర్ చెప్పినంక అప్పీలు లేదనేవారు.

ఆయన దాని దగ్గర నేర్చుకున్నదీ ఉంది. అది కాఫీ సంగతి. ఇంటికి వచ్చినవాళ్ళను ఏం కావాలో అడగాలి, వాళ్ళు చెప్పింది వినాలి, విన్నట్టు చేయాలి అని థెరపీలో దానికి ఆ వారమే నేర్పారు. పాఠం అయ్యాక ఆయన లోపలికి వస్తే నేను కాఫీ కలిపి దాని చేతికిచ్చాను. ఇంటికొచ్చిన మనిషిని అది తనంతట తాను పలకరించబోతున్న మొదటిసారి. ఎదురుగా వెళ్ళి నిలబడి, "మీకు కాఫీ కావాలా?" అంది, మాట తడబడకుండా.

ఆయన ఏమన్నారు? మనమందరం ఏమంటామో అదే అన్నారు. "ఎందుకు బిడ్డా, ఇప్పుడే తాగొచ్చిన."

అది వెనక్కి తిరిగింది. సింక్ దగ్గరికి వెళ్ళింది. కాఫీ మొత్తం పారబోసి, కప్పు కడిగి, బోర్లించి వచ్చి తన బొమ్మల దగ్గర కూర్చుంది.

ఆయన మొహం చూడాలి. మనలో మొదటి వద్దుకు విలువ లేదు కదా. రెండో వద్దు మెత్తబడుతుంది, మూడోసారికి సరే కొంచెం పోయమంటారు. ఆయన రెండో వద్దు దగ్గరికైనా రాకముందే కాఫీ డ్రైనేజీలోకి పోయింది. నేను దాని మీద విరుచుకుపడ్డాను, పెద్దవాళ్ళు వద్దన్నా ఇవ్వాలే అని. అది నావైపు చూడకుండా, "వద్దు అన్నారు. నేను విన్నాను. లిజన్ చెయ్యమని నువ్వే చెప్పావు" అంది.

ఆయన నన్ను ఆపారు. తప్పు తనదే, అబద్ధం ఆడానన్నారు. తనకు నిజానికి కాఫీ కావాలన్నారు. మరి వద్దని ఎందుకన్నావని అది అడిగింది. ఆయన చాలాసేపు ఆలోచించారు, సర్కారు విచారణలో నిలబడ్డట్టు. చివరికి తనకూ తెలియదనీ, మా ఊళ్ళో అందరం అలాగే చెబుతామనీ ఒప్పుకున్నారు. ఆ తర్వాత ఎప్పుడు వచ్చినా, అది అడగగానే, "కావాలె. సగం కప్పు. చక్కెర ఒకటిన్నర చెంచ" అనేవారు. మొదట్లో ఆ మాట అంటుంటే ఆయన చెవులు ఎర్రబడేవి. వారం తిరిగేసరికి బిస్కెట్లు కూడా అడగడం మొదలుపెట్టారు.

జులై చివర్లో నాకు టెస్ట్. పార్కింగ్ బాగా చేశాను, లేన్ మారాను, పక్కన కూర్చున్న ఎగ్జామినర్ అమ్మ నల్లకళ్ళద్దాల వెనక మెచ్చుకుంటోందనే అనుకున్నాను. అప్పుడు వచ్చింది నాలుగు దారుల స్టాప్. నాలుగు వైపులా స్టాప్ బోర్డులే, లైట్లు ఉండవు. ముందు వచ్చి ఆగినవాళ్ళు ముందు వెళ్ళాలి. అంతే రూలు. ముందు వచ్చింది నేనే. కానీ ఎదురు కారులో ఒక ముసలాయన, పక్క దారిలో ఆగిన కారులో పసిపిల్లతో ఒక తల్లి. పెద్దాయన్ని నిలబెట్టి నేను పోవడమేమిటి? చెయ్యి ఊపి మీరు పదండి అన్నాను. ఆయన నన్ను పదమన్నాడు. నేను నవ్వి మళ్ళీ చెయ్యి ఊపాను. ఆవిడ కదలబోయి ఆగింది. ముసలాయన కదలబోయి ఆగాడు. నేనూ కదలబోయి, అయ్యో ఆవిడ కదులుతోందేమోనని ఆగాను. పెళ్ళి పంక్తిలో ముందు మీరు కూర్చోండి, లేదు మీరే కూర్చోండి అని వడ్డన ఆపేసినట్టు అయిపోయింది వ్యవహారం. వెనక ఎవరో హారన్ కొట్టారు. ఎగ్జామినర్ అమ్మ కాగితం మీద ఏదో పొడుగ్గా రాసింది.

ఫెయిల్. స్కూల్ తెరవడానికి రెండు వారాలుంది, మళ్ళీ టెస్ట్ దొరికింది పదిరోజుల తర్వాత. అదే ఆఖరు.

బయట ఎండలో నిలబడి ఉన్న ఆయన మీద నా కోపమంతా కుమ్మరించాను. మీరు నేర్పిన చదువు ఇదా, మర్యాదగా ఉండటం కూడా తప్పేనా, నా పిల్ల బతుకు ఏం కావాలి అని నోటికొచ్చిందల్లా అన్నాను. ఆయన కారు చుట్టూ తిరిగి నాలుగు టైర్లూ తన్నారు. రెండోసారి కూడా తిరిగి తన్నారు. తర్వాత, రేపు పొద్దున్నే పిల్లను తీసుకుని తమ ఇంటి దగ్గరికి రమ్మన్నారు. కారు వద్దట, మడత కుర్చీలు తెచ్చుకోవాలట.

మర్నాడు ఎనిమిదింటికి కాపెల్‌లో వాళ్ళ ఇంటి దగ్గరి నాలుగు దారుల స్టాప్ పక్కన, గడ్డి మీద, మూడు కుర్చీలు వేసుకుని ముగ్గురం కూర్చున్నాం. ఆయన గొడుగు పట్టుకున్నారు. నా ఒళ్ళో కాఫీ ఫ్లాస్కు. పోయేవాళ్ళంతా మమ్మల్ని చూసి స్లో అవుతున్నారు. ఒకావిడ అద్దం దించి ఏం అమ్ముతున్నారని అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. మా అమ్మాయి మాత్రం పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ అంత ఆనందంగా లేదు. వచ్చిన ప్రతి కారుకూ నంబర్ వేస్తోంది. వన్, టూ, త్రీ, ఫోర్. వన్ పోగానే టూ, టూ పోగానే త్రీ. వరస తప్పకుండా కార్లు పోతుంటే చేతులు రెండూ రెక్కల్లా ఆడించింది.

అప్పుడు వచ్చాయండీ మనవాళ్ళ వ్యాన్లు రెండు. ఒకదాని అద్దానికి నల్లదారం కట్టిన నిమ్మకాయ వేలాడుతోంది, రెండోదాని డాష్‌బోర్డ్ మీద వినాయకుడు. నిమ్మకాయ ముందు వచ్చి ఆగింది. ఆగి, వినాయకుణ్ణి పదమంది. వినాయకుడు నిమ్మకాయను పదమన్నాడు. ఇద్దరూ నవ్వుకుంటున్నారు. వెనక మూడు కార్లు చేరాయి. మా అమ్మాయి ముఖం కందగడ్డయింది. లేచి గడ్డి అంచుదాకా ఉరికింది. ఆయన దాని చెయ్యి పట్టుకోలేదు, పట్టుకుంటే దానికి గిట్టదని తెలుసు. గడ్డి దాటొద్దని మాత్రం చెప్పారు. అది సరిగ్గా అంచు మీద ఆగి, నిమ్మకాయ వ్యాన్ వైపు వేలు చూపించి, "నువ్వు నంబర్ వన్! గో!" అని కాపెల్ అంతా వినపడేలా అరిచింది. స్టీరింగ్ ముందున్న బట్టతలాయన ఉలిక్కిపడి ఒక్క ఉదుటున వెళ్ళిపోయాడు.

నేను పగలబడి నవ్వాను. ఆయన నవ్వలేదు. నావైపు తిరిగి, పిల్లకు కోపం ఎందుకొచ్చిందో చెప్పమన్నారు. రూల్ తప్పారు కాబట్టి అన్నాను.

"రూల్ గాదు బిడ్డా. ఇద్దరికి పోవాలెననే ఉన్నది, ఇద్దరు నువ్ పో నువ్ పో అంటున్నరు. ఎవలి మనసుల ఏమున్నదో ఎవలు చెప్తలేరు. గా పిల్ల ఏమని సమజ్ జేసుకోవాలె? మీ ఇంట్ల గూడ గిట్లనే ఉంటదేమో, జర సూసుకో."

ఇల్లంతా ఒక్కసారి కళ్ళముందు తిరిగింది. పుట్టినరోజుకు ఏం కావాలని మావారు అడిగితే ఏం అక్కర్లేదంటాను, ఆయన నిజంగానే ఏమీ తేకపోతే మూడురోజులు మాట్లాడను. సినిమాకు పోదామా అంటే నీ ఇష్టం అంటారాయన, అంటే రానని అర్థం. రాలేని పార్టీలకు తప్పకుండా వస్తామంటాం. ఆకలితో వచ్చి తినొచ్చామంటాం. మేమంతా ఇలా చేతులూపుకుంటూ ఉంటే ఆ పిల్ల పుట్టినప్పటి నుంచీ మధ్యలో నిలబడి, ఎవరు ముందు, ఎవరు తర్వాత, ఎవరి వద్దు నిజం వద్దు అని వెతుక్కుంటోంది. దొరక్క అరుస్తుంటే, దానికి మనుషులు అర్థం కారు అని మేము డాక్టర్లతో చెప్పుకున్నాం. మేము అర్థమయ్యేలా ఎప్పుడున్నాం?

ఏడ్చేశాను. నడిరోడ్డు పక్క, మడత కుర్చీలో, వెక్కి వెక్కి. ఓదారుస్తారేమోనని చూశాను. ఏడ్చేటప్పుడు బండి నడపరాదు, ఏడ్చుడయినంక పోదాం అని ఆయన ఫ్లాస్కు మూత తీసుకుని కాఫీ పోసుకున్నారు. మా అమ్మాయి వచ్చి అమ్మ ఎందుకు ఏడుస్తోందని ఆయన్ని అడిగింది. నేను అలవాటుగా, ఏం లేదమ్మా, కంట్లో దుమ్ము పడింది అన్నాను. ఆయన గట్టిగా దగ్గారు.

"నిన్ను ఇన్నాళ్ళూ సరిగ్గా అర్థం చేసుకోలేదని ఏడుస్తున్నాను" అన్నాను.

"ఓకే" అని అది మళ్ళీ కార్లకు నంబర్లు వేసుకోవడానికి పోయింది.

రెండో టెస్టుకు అదే నల్లకళ్ళద్దాల అమ్మ వచ్చింది. నాలుగు దారుల దగ్గర నా వంతు రాగానే ఎవరివైపూ చూడకుండా, పెదవి మీద నవ్వనేది లేకుండా వెళ్ళిపోయాను. పాసయ్యాను. మిఠాయి పెట్టె పట్టుకుని వాళ్ళింటికి వెళ్తే, ఎందుకమ్మా ఇవన్నీ అని ఆయన భార్య మొహమాటపడింది. "కావాలె. రెండు" అని ఆయన చెయ్యి చాపారు. స్కూల్ మొదటిరోజు నా పక్కన కూర్చోమని బతిమాలాను. ససేమిరా అన్నారు. తను కూర్చుంటే తన కాలి కింద బ్రేకు ఉందని నమ్ముకుంటానట, నా కారులో అది లేదు కదా అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆ మాట నిజమని మాత్రం తెలుసు.

ఆ పొద్దున మావారు ఆఫీసుకు వెళ్ళిపోయాక ఇద్దరం బయల్దేరాం. హైవే మీంచి ఏ ఎగ్జిట్‌లో దిగాలో, ఎన్ని మలుపులో మా అమ్మాయి కాగితం మీద గీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. నేను నేర్చుకున్న పద్ధతిలోనే పైకి చెబుతూ హైవే ఎక్కాను. కుడిపక్క ట్రక్ ఉంది, స్లో అవుతున్నాను, ట్రక్ కూడా స్లో అయింది, సందు లేదు, ఎగ్జిట్ వస్తోంది, సందు లేదు, ఎగ్జిట్ వెళ్ళిపోయింది. నా నోరే నా తప్పును దండోరా వేసింది. వెనక కాగితం నలిగిన చప్పుడు వినిపించింది. అద్దంలో చూస్తే దాని రెండు చేతులూ చెవుల మీదికి పోతున్నాయి. కేక రాబోయే ముందు అది తీసే ఊపిరి నాకు తెలుసు. డెబ్భై మైళ్ళ స్పీడులో, పక్కన ట్రక్కుతో, ఆ కేక వస్తే నేనేమవుతానో కూడా తెలుసు. ఇది కొత్త షార్ట్‌కట్ అమ్మా అనే అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది.

"ఎగ్జిట్ తప్పాను. తప్పు నాదే" అన్నాను. "తర్వాతి ఎగ్జిట్‌లో దిగుతాం, వెనక్కి తిరుగుతాం, స్కూల్‌కే వెళ్తాం. నాకు చాలా భయంగా ఉంది."

వెనక నలిగిన కాగితాన్ని సాపు చేస్తున్న చప్పుడు వినిపించింది.

"అమ్మా, నీ భయం ఎంతసేపు?"

"తెలీదే. ఒక పది నిమిషాలేమో."

"ఓకే. నేను కూడా టెన్ మినిట్స్ భయపడతాను. తర్వాత ఇద్దరం స్టాప్ చేద్దాం."

అలాగేనన్నాను. ఎగ్జిట్ దిగాను, తిరిగాను, స్కూల్ పార్కింగ్‌లో కారు ఆపాను. బెల్ కొట్టేశారు, గుమ్మంలో టీచర్ మాకోసం నిలబడి చెయ్యి ఊపుతోంది. నేను బెల్ట్ తీసి పద అన్నాను. అది కదల్లేదు. కారులో గడియారం వైపు చూపించి, ఎనిమిది నిమిషాలే అయింది, ఇంకా రెండు ఉన్నాయి అంది. ఇద్దరం కూర్చుని ఆ రెండు నిమిషాలూ కూడా భయపడి, అప్పుడు లోపలికి వెళ్ళాం.